మతేరాలో గుహ గదిని ఎంచుకోవడం: నా అనుభవం

దక్షిణ ఇటలీలోని బసిలికాత ప్రాంతంలో, గ్రవీనా అనే వాగు లోతుగా కోసిన లోయ అంచున మతేరా పట్టణం ఉంది. అక్కడి పూర్వీకులు కొండను తొలుచుకుని కాపురాలు చేసిన ఇళ్లలో చాలా వాటిని ఇప్పుడు హోటళ్లుగా నడుపుతున్నారు. జర్మనీలో ఉంటున్న మేము, రాజమండ్రి నుంచి వచ్చిన మా అత్తయ్యగారిని మే నెలలో అక్కడికి తీసుకువెళ్లాలనుకున్నప్పుడు, బస చూసే పని నేను తీసుకున్నాను. అత్తయ్యగారికి ఉబ్బసం. మెట్లు ఆగి ఆగి ఎక్కగలరు గాని, చెమ్మగా ఉన్న గదిలో ఒక్క రాత్రి పడుకున్నా ఆవిడకు ఆయాసం మొదలవుతుంది. అందుకని హోటళ్ల ఫొటోలు చూస్తున్నంతసేపూ నా మనసులో ఉన్న ప్రశ్న ఒక్కటే: ఈ గదిలో గాలి ఎలా ఆడుతుంది?

ఆ ప్రశ్నకు జవాబు దొరకాలంటే ముందు ఆ ఇళ్ల కట్టుబడి అర్థం కావాలి. మతేరా పాత ఊరిని సాస్సి అంటారు. కెథెడ్రల్ ఉన్న చివిత అనే గుట్టకు చెరో పక్కన సాస్సో కవెయోసో, సాస్సో బరిసానో అనే రెండు పేటలు లోయలోకి దిగుతూ ఉంటాయి. అక్కడి రాయి కాల్కరెనైట్ అనే మెత్తని సున్నపురాయి. ఉలితో తేలికగా తొలవవచ్చు, నీటినీ అంతే తేలికగా పీల్చుకుంటుంది. గుహను తొలిచినప్పుడు వచ్చిన రాళ్లనే దిమ్మలుగా చెక్కి, గుహ ముందు కమాను పైకప్పుతో ఒక గదిని కట్టేవారు. కాబట్టి ఒకే ఇంట్లో ముందు భాగం కట్టడం, వెనుక భాగం కొండ. హోటళ్లు మాత్రం రెంటినీ గుహ గదులనే పిలుస్తాయి. ముందు గదికి తలుపు, దాని పైన చిన్న కిటికీ ఉంటాయి కనుక గాలీ వెలుతురూ వస్తాయి. కొండ లోపలికి పోయినకొద్దీ ఆ రెండూ తగ్గిపోతాయి. ఈ తేడా తెలిశాక నేను ఫొటోల్లో మంచం ఎక్కడ వేశారో చూడటం మొదలుపెట్టాను. మంచం వెనుక గోడ దిమ్మల వరుసలతో కనిపిస్తే అది కట్టుబడి, ఉలి గాట్లతో వంకరగా కనిపిస్తే అది కొండ.

చెమ్మ విషయంలో కాలం కూడా లెక్కలోకి వస్తుంది. కొండ లోపలి ఉష్ణోగ్రత ఏడాది పొడవునా పెద్దగా మారదు. వేసవి మొదలవుతున్నప్పుడు బయటి వెచ్చని గాలి లోపలికి వచ్చి, ఇంకా చల్లగా ఉన్న రాతి గోడలను తాకగానే అందులోని ఆవిరి నీరుగా మారి గోడలకు పడుతుంది. గుహలంటే వానాకాలంలోనో చలికాలంలోనో చెమ్మగా ఉంటాయని మనం అనుకుంటాం గాని, మే, జూన్ నెలల్లోనే ఈ ఇబ్బంది ఎక్కువగా తలెత్తే అవకాశం ఉంది. మేం వెళ్లేదీ ఆ రోజుల్లోనే. మునుపు ఆ ఇళ్లలో పొయ్యి వెలిగేది, మనుషులూ పశువులూ ఉండేవారు, రోజూ తలుపులు తెరిచేవారు. ఇప్పుడు అతిథి లేని రోజుల్లో తలుపులు మూసి ఉంచే గదికి ఆ వెచ్చదనం యంత్రాల వల్లనే రావాలి.

అందుచేత ఫొటోలు చూసి నచ్చిన కొన్ని హోటళ్లకు బుకింగ్ సైట్ ద్వారా కాకుండా నేరుగా ఈమెయిల్ రాశాను. మంచం ఉన్నది కట్టిన భాగంలోనా, తొలిచిన భాగంలోనా. తెరవగలిగే కిటికీ ఉందా. తేమను లాగే యంత్రం గదిలోనే ఉందా, ఉంటే రాత్రి నడిపినప్పుడు ఎంత చప్పుడు చేస్తుంది. నేల కింద వేడిచేసే ఏర్పాటు మే నెలలో కూడా పనిచేస్తుందా. గోడలకు ఉన్నది సున్నమా, ప్లాస్టిక్ పెయింటా అని అడిగాను. చివరి ప్రశ్నకు కారణం ఉంది. సున్నం పూత రాతిలోని తేమను బయటికి పోనిస్తుంది. పెయింట్ దాన్ని లోపలే బంధిస్తే, తేమతో పాటు వచ్చిన లవణాలు పేరుకుని పూత పొక్కి రాలుతుంది, బూజు పడుతుంది. ఒక హోటల్ వారు గది చాలా రొమాంటిక్‌గా ఉంటుందని మాత్రమే జవాబిచ్చారు. వెంటనే దాన్ని పక్కన పెట్టాను. మరో హోటల్‌ను నడిపే ఆవిడ, మేము మొదట అడిగిన లోపలి గది ఉబ్బసం ఉన్నవారికి తాను ఇవ్వలేనని, అదే ధరకు పై వరుసలో ముందు భాగపు గది ఇస్తానని, అత్తయ్యగారు రావడానికి ముందు రోజు నుంచే యంత్రం నడిపిస్తానని రాశారు. తన గది లోపాన్ని తానే చెప్పిన మనిషి మీద నాకు నమ్మకం కుదిరింది.

అయినా ఇంకో సంగతి తేలాలి: దారి. సాస్సిలో ఒక ఇంటి పైకప్పు పై వరుస వారికి వీధి అవుతుంది, చాలా చోట్ల మెట్లే దారి. బయటి కార్లకు అక్కడ ప్రవేశం పరిమితం. అనుమతి లేకుండా లోపలికి వెళ్తే కెమెరాలు నంబరు పట్టుకుంటాయి, జరిమానా ఇంటికి వస్తుంది. కవెయోసోలో గుహల పాత రూపం ఎక్కువగా నిలిచి ఉంది, ఎదురుగా ముర్జా పీఠభూమి, ఇద్రిస్ రాతి చర్చి కనిపిస్తాయి. మావారి మనసు అటే ఉంది. బరిసానోలో ముందు కట్టడాలు ఎక్కువ, పైగా కొత్త ఊరి నుంచి వయా ఫియొరెంతీని మీదుగా చాలా దూరం వాలుగానే దిగవచ్చు. నేను బరిసానో వైపే మొగ్గాను. మ్యాప్‌లో చూపే దూరం ఇక్కడ పనికిరాదు, ఎందుకంటే నిమిషం నడక అని చూపేది నిట్టనిలువు మెట్ల వరుస కావచ్చు. వాహనం ఆగే చోటు నుంచి గది తలుపు వరకు ఎన్ని మెట్లు, అవి పైకా కిందికా, పట్టుకోవడానికి కమ్మీ ఉందా అని అడిగి, తలుపు వరకు ఉన్న దారిని వీడియో తీసి పంపమని కోరాను. పంపారు. అరిగి నున్నబడిన ఆ రాతి మెట్లు వాన పడితే ఎంత జారతాయో అందులోనే తెలిసింది. అత్తయ్యగారికి రబ్బరు అడుగున్న బూట్లు కొన్నాం.

ఈ వెతుకులాటలోనే ఆ ఊరి గతం కూడా చదివాను. అది తెలియకుండా అక్కడ బస చేయడం నాకు ఇష్టం లేకపోయింది. పేదరికం, మలేరియా, కిక్కిరిసిన కాపురాల వల్ల సాస్సి ఇటలీకే సిగ్గుచేటన్న పేరు పడింది. 1952లో చేసిన చట్టంతో మొదలుపెట్టి సుమారు 15,000 మందిని లా మార్తెల్లా వంటి కొత్త పేటలకు తరలించారు. ఖాళీ అయిన ఇళ్లు ఏళ్ల తరబడి పాడుబడ్డాయి. 1986లో వచ్చిన మరో చట్టం వాటి మరమ్మతులకు దారి తీసింది. 1993లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరిన ఆ ఊరు 2019లో ఐరోపా సాంస్కృతిక రాజధాని అయింది. ఇళ్లలో అధిక భాగం ఇప్పటికీ ప్రభుత్వ ఆస్తి, నడిపేవారు దీర్ఘకాలపు లీజు మీద తీసుకుంటారు. కట్టడంలో మార్పులకు వారసత్వ శాఖ అనుమతి కావాలి. గదికి కొత్త కిటికీ ఎందుకు పెట్టించరని హోటల్ వారిని నిందించకూడదని ఇది చదివాక నాకు తెలిసింది.

బారి నగరం నుంచి అపులో లుకానే అనే సంస్థ నడిపే రైల్లో సుమారు గంటన్నర ప్రయాణం చేసి మతేరా చేరాం. ఆదివారమో సెలవు రోజో కాకుండా మామూలు రోజు చూసుకుని వెళ్లాం. సామాను తీసుకోవడానికి హోటల్ వారు పియాజియో ఏపే అనే మూడు చక్రాల బండి పంపారు. గోదావరి జిల్లాల్లో రోజూ చూసే బండి ఇటలీలో ఎదురుపడితే అత్తయ్యగారి సంతోషం చెప్పనలవి కాదు. పాస్‌పోర్టు వివరాలు నమోదు చేసుకుని, ఊరి పర్యాటక పన్ను విడిగా కట్టించుకున్నారు. గదిలో యంత్రం నడుస్తూనే ఉంది, గోడ మీద చెయ్యి వేస్తే పొడిగా తగిలింది. పై కిటికీ తెరిచి పడుకున్న అత్తయ్యగారికి ఆ రాత్రి ఇన్‌హేలర్ అవసరం పడలేదు. తలుపు తెరిస్తే ఒకప్పుడు కొన్ని కుటుంబాలు కలిసి వాడుకున్న ముంగిలి, దాని కింద వాన నీటి తొట్టి. అత్తయ్యగారు చిన్నప్పటి మండువా ఇంట్లో కూర్చున్నట్టే ఉదయం అక్కడ కుర్చీ వేసుకుని, దురుం గోధుమ నూకతో చేసే మతేరా రొట్టె తిన్నారు. శాకాహారానికి ఇబ్బంది కలగలేదు. ఎండు బీన్సు ముద్ద, చేదుగా ఉండే చికోరీ ఆకుకూర కలిపి పెట్టే వంటకం ఆవిడకు బాగా నచ్చింది.

వీకో సొలితారియోలోని పాత గుహ ఇంటి ప్రదర్శనశాలకు కూడా వెళ్లాం. ఎత్తైన మంచం, కుటుంబంతో పాటు లోపలే కట్టేసిన కంచర గాడిద చోటు చూసి అత్తయ్యగారు చాలాసేపు అక్కడే నిలబడి, పిల్లల్ని ఎక్కడ పడుకోబెట్టేవారని అడిగారు. బీరువా సొరుగులో కూడా పడుకోబెట్టేవారని అక్కడి వివరణలో చెప్పారు.

మా ఆడపడుచు కుటుంబం డిసెంబరులో వెళ్తామని అడిగినప్పుడు నేను వేరే సలహా ఇచ్చాను. వాళ్లలో ఉబ్బసం ఉన్నవారు లేరు. చలికాలంలో కొండ లోపలి గది బయటికన్నా వెచ్చగా ఉంటుంది, బయటి నుంచి వచ్చే చల్లని గాలి గోడలకు నీరు పట్టించదు. అందుకని వాళ్లకు కవెయోసోలో లోపలి గదినే చూడమన్నాను. మెట్ల లెక్క, దారి వీడియో మాత్రం తప్పకుండా అడగమన్నాను.