ఆక్యుపంక్చర్ సూది కింద నాడి

అరచేతిని పైకి తిప్పి, పిడికిలి బిగించి, మణికట్టును కొద్దిగా లోపలికి వంచితే ముంజేతి మధ్యలో కండరాలను ఎముకలకు కలిపే తాళ్లలాంటి రెండు స్నాయుబంధనాలు ఉబికి కనిపిస్తాయి (కొందరికి వాటిలో ఒకటి పుట్టుకతోనే ఉండదు, కంగారు పడనక్కర్లేదు). మణికట్టు ముడతకు మూడు వేళ్ల వెడల్పు పైన, ఆ రెంటి నడుమ ఉన్న చోటును చైనా సంప్రదాయ వైద్యులు నైగ్వాన్ అంటారు. వికారం, వాంతులు తగ్గడానికి అక్కడ సూది గుచ్చుతారు. ఆ చోట చర్మాన్ని, కండరాలను తొలగిస్తే లోపల కనిపించేది చేతిలోని ప్రధాన నరాల్లో ఒకటైన మీడియన్ నాడి.

‘చీ’ అనే ప్రాణశక్తి ప్రవహిస్తుందని చెప్పే మార్గాలు మాత్రం ఏ శవచ్ఛేదనలోనూ కనబడలేదు. అవి లేవని ఒప్పుకున్నంత మాత్రాన సూదికి వచ్చే నష్టమేమీ లేదని నా అభిప్రాయం, ఎందుకంటే దాని ప్రభావాన్ని వివరించడానికి నాడులు, వాటిని చుట్టి ఉన్న కణజాలం చాలావరకు సరిపోతాయి.

సూదిని గుచ్చి వేళ్లతో తిప్పినప్పుడు చర్మం కింద శరీర భాగాలను కలిపి ఉంచే సంధాయక కణజాలపు పోగులు దానికి చుట్టుకుంటాయి. రోగికి అక్కడ బరువుగా, లోపలికి లాగుతున్నట్టుగా అనిపిస్తుంది. ఆ సంకేతం సన్నని నాడీ తంతువుల గుండా వెన్నుపాముకు, అక్కడి నుంచి మెదడుకు చేరి, నొప్పిని అణిచే, మార్ఫిన్‌ను పోలిన సహజ రసాయనాలను విడుదల చేయిస్తుంది. మార్ఫిన్ వంటి మందుల ప్రభావాన్ని అడ్డుకునే నలాక్సోన్ ఇస్తే ఆక్యుపంక్చర్ వల్ల కలిగిన ఉపశమనం కూడా తగ్గిపోతుందని 1977లో పంటి నొప్పిపై జరిగిన ప్రయోగం చూపింది.

ఇంతకంటే ఆసక్తికరమైనది 2021లో హార్వర్డ్‌కు చెందిన చూఫు మా బృందం ఎలుకలపై చేసిన పని. మోకాలి కింద, కాలి ముందువైపు ఎముక అంచుకు ఒక వేలి దూరంలో జుసన్లీ అనే ఆక్యుపంక్చర్ బిందువు (సూది గుచ్చే చోటు) ఉంది. ఎలుకల కాలిపై దానికి సరిపోలే చోట 0.5 మిల్లీఆంపియర్ల బలహీనమైన విద్యుత్తు పంపితే, ఆ సంకేతం మెదడు కాండానికి వెళ్లి, మెదడు నుంచి లోపలి అవయవాలకు వెళ్లే వేగస్ నాడి ద్వారా మూత్రపిండాల పైన ఉండే అడ్రినల్ గ్రంథిని ప్రేరేపించి, ఒళ్లంతా వ్యాపించిన ఇన్‌ఫ్లమేషన్‌ను (వాపు ప్రతిచర్యను) తగ్గించింది. అదే మోతాదు పొట్ట మీద ఇస్తే ఈ మార్గం మేల్కొనలేదు. కారణం శరీర నిర్మాణంలోనే దొరికింది: ఈ పనికి కావలసిన ప్రత్యేకమైన ఇంద్రియ నాడీకణాలు కాలి లోతుల్లో, ఎముకను కప్పిన పొర వంటి చోట్ల విస్తరించి ఉంటాయి, పొట్ట గోడ లోపలి పొరలో ఉండవు. ఎక్కడ గుచ్చుతున్నామన్నది ముఖ్యమే అనడానికి నాకు తెలిసిన గట్టి ఆధారం ఇదే, కానీ అది ఎలుకల్లో దొరికినదన్న సంగతి మరువకూడదు.

మనుషుల విషయానికి వస్తే కథ కొంచెం తిరగబడుతుంది. జర్మనీలో 1,162 మంది నడుము నొప్పి రోగులపై జరిగి 2007లో వెలువడిన పరీక్షలో, ఆరు నెలలకు శాస్త్రోక్తమైన ఆక్యుపంక్చర్‌తో 47.6 శాతం మందికి, బిందువులు కాని చోట్ల పైపైన గుచ్చిన సూదులతో 44.2 శాతం మందికి, మందులు, వ్యాయామం వంటి మామూలు చికిత్సతో 27.4 శాతం మందికి మేలు జరిగింది. నడుము నొప్పికి సూది పడిన చోటు కంటే, సూది పడటమూ, దానిపై రోగి పెట్టుకున్న ఆశా ఎక్కువ పని చేస్తున్నాయన్నమాట. చర్మమంతటా నాడీ కొసలు ఉన్నప్పుడు ‘ఉత్తుత్తి’ సూది కూడా పూర్తిగా ఉత్తుత్తిది కాలేదు.

బిందువు కచ్చితత్వం గురించి ఇంత వాదన ఉన్నా, లోతు విషయంలో వాదనకు తావు లేదు. మెడకూ భుజానికీ మధ్య ఉన్న జియాన్‌జింగ్ బిందువు కింద ఊపిరితిత్తి పైకొన ఉంటుంది. బక్కపలచని మనిషికి అక్కడ సూది నిలువుగా లోతుకు దిగితే ఛాతీలోకి గాలి చేరి ఊపిరితిత్తి ముడుచుకుపోవచ్చు. భుజానికో వీపుకో సూదులు వేయించుకున్నాక ఆయాసం గానీ, గాలి పీల్చినప్పుడు ఛాతీలో నొప్పి గానీ మొదలైతే, మర్నాటిదాకా ఆగకుండా ఆసుపత్రికి వెళ్లి, సూదులు వేయించుకున్న సంగతి చెప్పి ఎక్స్-రే తీయించుకోవాలి.