ఆడితే అదే వేడెక్కుతుందట!

లైటు తీసేసి పడుకున్నదాన్ని మళ్లీ లేచి కూర్చున్నాను. మావాడి కాలు గురించి కాదు, అది తగ్గిపోతుంది. పొద్దున మావాడి ఫుట్‌బాల్ మ్యాచ్‌లో గ్రౌండు గట్టున నా పక్కన నిలబడ్డ పెద్దమనిషి అన్న మాట ఒకటి బుర్రలోంచి పోవట్లేదు. "కుర్రాళ్లకి చలేంటమ్మా! దిగి ఆడితే అదే వేడెక్కుతుంది." ఆయనకి మాత్రం మఫ్లరు, మంకీక్యాపు. చేతులు జేబుల్లోంచి బయటికి తీస్తే ఒట్టు.

మ్యాచ్ గెలిచారు. మావాడు లోపలికి వెళ్లిన కాసేపటికే ఇచ్చిన పాస్‌తోనే గోల్ పడింది. ఈ ముక్క రాయకపోతే వాడు ఊరుకోడు కాబట్టి రాశాను. గోల్ అయిపోయింది, ఇక నా గోల.

ఫస్ట్ హాఫ్ అంతా వాడు బెంచీ మీదే. వామప్ చెమటకి తడిసిన కాటన్ బనీను, దాని మీద పల్చటి జెర్సీ, ఎదురుగాలి. సెకండ్ హాఫ్ మధ్యలో ఉన్నట్టుండి కోచ్ గారు "లే, లే, నువ్వెళ్లు" అన్నారు. వెళ్లాడు, పాస్ ఇచ్చాడు, ఇంకో బంతి కోసం గట్టిగా ఉరికి, తొడ వెనక చెయ్యి పెట్టుకుని ఆగిపోయాడు. పట్టేసింది.

ఇంటికి వచ్చాక ఐసు పెట్టబోతే అత్తయ్యకి అస్సలు నచ్చలేదు. "చలికి పట్టేసిన కాలికి మళ్లీ ఐసేమిటమ్మాయ్?" ఆ మాటకి ఏం జవాబు చెప్పాలో నాకూ చప్పున తోచలేదు. కానీ లోపల కండ కాస్త చిట్లి ఉంటే, మొదటి ఒకటి రెండు రోజులు వేడి కాపడం, గట్టి మర్దనా వాపుని ఇంకా పెంచుతాయి. గుడ్డలో చుట్టిన ఐసు పావుగంట పెడితే నొప్పి నెమ్మదిస్తుంది. ఆవిడ ఒప్పుకోలేదు, అలిగి లోపలికి వెళ్లిపోయారు. రేపటికి సర్దుకుంటారు.

అసలు ఆ పెద్దమనిషి మాట నాకింతలా గుచ్చుకోవడానికి కారణం నా వాలీబాల్ రోజులు. మా పీటీ మాస్టారికి వామప్ అంటే అందరం వరుసగా నిలబడి, వంగి, కాలి బొటనవేళ్లు పట్టుకుని, ఆయన ముప్పై లెక్కపెట్టేదాకా కదలకుండా ఉండటం. ముందు నాలుగు అడుగులు పరిగెత్తి ఒళ్లు వేడెక్కాక, కాళ్లూ చేతులూ ఊపుతూ సాగదీయాలని మాకెవరూ చెప్పలేదు. ఆ రోజు మంచు కురుస్తోంది. మాకంటే ముందు మ్యాచ్ ఎంతకీ తెగలేదు. వంగడం అయిపోయింది, వణుక్కుంటూ నిలబడ్డాం. చివరికి పిలిచారు. మా టీంలో అందరికంటే ఎత్తు ఎగిరే అక్క ఒకామె ఉండేది. మొదటి బంతికే ముందుకి ఉరకబోయి, చటుక్కున ఆగి, వెనక్కి తిరిగి చూసింది. మొహంలో నొప్పి లేదు, కోపం.

"ఎవరే నన్ను తన్నింది?"

వెనక ఎవరూ లేరు. నాకు టప్‌మని ఒక చప్పుడు వినబడింది, బంతి అనుకున్నాను. మేమంతా ఎవరు తన్నారా అని ఒకళ్ల మొహం ఒకళ్లం చూసుకుంటుంటే తను మెల్లగా నేల మీద కూర్చుండిపోయింది. మడమ పైన, పిక్క కండని మడమ ఎముకకి కలిపే తాడు లాంటి అకిలీస్ టెండన్ తెగితే అచ్చం అలాగే, ఎవరో వెనకనుంచి తన్నినట్టే ఉంటుందని చాలా ఏళ్ల తర్వాత ఒక ఫిజియో చెప్పారు. అక్క మళ్లీ ఆడలేదు. మా మ్యాచ్‌లకి వచ్చి స్కోరు రాసేది, అదీ మాస్టారు బతిమాలితే. చలి వల్లే తెగిందని ఒట్టేసి చెప్పలేను, అంతకు ముందే అది అరిగి ఉండొచ్చు. కానీ చలికాలంలో ఎవరైనా "అదే వేడెక్కుతుంది" అంటే నాకు ఆ చప్పుడే వినబడుతుంది.

ఇంతదాకా రాసి కాస్త ఆగాను. నిజం ఒప్పుకోవాలంటే ఆ పెద్దమనిషి అన్నదాంట్లో తప్పేం లేదు. కండరాలు పనిచేసేటప్పుడు ఖర్చయ్యే శక్తిలో దాదాపు ముప్పావు వంతు వేడిగానే పోతుంది. మైదానమంతా తిరిగే మిడ్‌ఫీల్డర్‌కి గడ్డకట్టే చలిలోనూ చెమటే. అతని విషయంలో ఆ మాట నిజం. మరి ఆడనివాడి సంగతో? బెంచీ మీద కూర్చున్నవాడు, బంతి తన వైపు రాక గోల్ పోస్టు దగ్గర చేతులు రుద్దుకునే గోల్‌కీపరు, వీళ్లని ఏది వేడెక్కిస్తుంది? హాఫ్ టైం ఆ 15 నిమిషాల్లోనే తొడ కండరాల వేడి దాదాపు 2 డిగ్రీలు పడిపోతుందని ఫుట్‌బాల్ ఆటగాళ్ల మీద కొలిచి చూశారు. చల్లబడ్డ కండరం బిగుసుకుంటుంది, నరాల కబురు దానికి ఆలస్యంగా అందుతుంది. మావాడు కూర్చున్నది దాదాపు గంట!

పోనీ వామప్ చేయించలేదా అంటే, చేయించారు. ఫిఫా వాళ్ల 11 ప్లస్ పద్ధతి, 20 నిమిషాలు: నెమ్మది పరుగు, బలానికీ బ్యాలెన్స్‌కీ కసరత్తులు, చివర వేగంగా పరుగు. క్రమం తప్పకుండా చేసే జట్లలో దెబ్బలు బాగా తగ్గుతాయి, మంచి పద్ధతే. కానీ నీళ్లు కాచి బకెట్ బయట పెట్టి, గంట తర్వాత స్నానానికి వెళ్తే ఎలా ఉంటుంది?

కోచ్ గారిని తిడుతుంటే మా ఆయన అడ్డొచ్చారు. "ఆయన కళ్లు ఆట మీద ఉంటాయి. జాకెట్ ఇస్తే నీ కొడుకే వేసుకోలేదు, పక్కవాళ్లెవరూ వేసుకోలేదని." అదీ నిజమే. ఆ వయసులో జాకెట్ అంటే నామోషీ. బనీను సంగతీ అంతే, చెమట పీల్చుకుని ఒంటికి అతుక్కుంటుంది, త్వరగా ఆరే రకం కొనిపెట్టినా కాటనే కావాలంటాడు. నీళ్ల సీసా నిండుగా వెనక్కి వచ్చింది, చలికి దాహం తెలియదు కదా. ఇన్ని తెలిసీ వాడి మీద కోపం రావట్లేదు, మంకీక్యాపు మీదే వస్తోంది.

కోచ్ గారికి మెసేజ్ టైప్ చేశాను. ఈ టపా అంత పొడుగొచ్చింది. మా ఆయన చదివి, వాలీబాల్ అక్క కథంతా కొట్టేసి, రెండు వాక్యాలు మిగిల్చారు. "సబ్‌స్టిట్యూట్లని కనీసం పది నిమిషాల ముందు లేపి లైను పక్కన పరిగెత్తించండి. లోపలికి వెళ్లే నిమిషం దాకా జాకెట్ తీయనివ్వకండి." చివర "దయచేసి" అని నేను పెడితే అదీ తీసేశారు, దెప్పుతున్నట్టు ఉందట. నేను మళ్లీ పెట్టాను. పొద్దున పంపిస్తాను, ఇప్పుడు పంపితే టైము చూసి టెన్షన్ పడతారు.