ఏడో పేరు

ఎమ్మెస్సీ బయోకెమిస్ట్రీ ల్యాబులో భాస్వరం పరిమాణాన్ని లెక్కకట్టే రోజున మేమంతా ‘ఫిస్కే–సుబ్బారో’ అన్నది ఒకే మాట అన్నట్టు పలికేవాళ్లం. మాలిబ్డేట్, ఆ తర్వాత క్షయకరణి కలపగానే పరీక్షనాళికలో నీలిరంగు వచ్చేది. దాని చిక్కదనాన్ని కలోరీమీటరులో చూసి లెక్క వేసుకునేవాళ్లం. ఆ రెండో పేరు భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారిదని మా మేడమ్ చెబితేగాని నాకు తెలియలేదు.

ఆ పద్ధతిని ప్రకటించిన 1925 నాటి వ్యాసంలోనూ, కణాలకు శక్తినిచ్చే అణువు ఏటీపీ గురించి 1929లో ‘సైన్స్’ పత్రికలో వచ్చిన వ్యాసంలోనూ ముందున్నది ఫిస్కే పేరే. ఆయన హార్వర్డులో అధ్యాపకుడు, సుబ్బారావు గారు ఆయన దగ్గర పనిచేస్తున్న విద్యార్థి. పైగా ఇంగ్లిషు అక్షరక్రమంలో ఎఫ్ తర్వాతే ఎస్ వస్తుంది. హోదా చూసి పెట్టినా, అక్షరం చూసి పెట్టినా వరుస మారదు కనుక, పనిలో ఎవరి పాలు ఎంతో ఆ పేర్లను బట్టి తేల్చలేము.

ఫోలిక్ ఆమ్లం అనే విటమిన్‌ను ప్రయోగశాలలో తయారుచేయడాన్ని తెలిపిన 1945 నాటి వ్యాసం ఇంకా విచిత్రమైనది. లెడర్లీ అనే అమెరికా మందుల సంస్థలో పరిశోధనలకు అధిపతి అయిన సుబ్బారావు గారి పేరు అందులో 16 మంది రచయితల మధ్య ఏడోది. తొలి ఎనిమిది పేర్లు ఒక అక్షరక్రమంలోను, తక్కిన ఎనిమిది మళ్లీ మొదటినుంచి మరో అక్షరక్రమంలోను ఉంటాయి. చివరి పేరు ల్యాబు పెద్దదే అయి ఉంటుందనే నేటి జీవశాస్త్రపు అలవాటుతో చదివితే, ఈ పనికంతటికీ చివరనున్న స్మిత్ నాయకుడని పొరబడతాము. (మన లెక్కన ఇంటిపేరు యల్లాప్రగడ కనుక వై అక్షరం కింద చేర్చి ఉంటే, ఆయన వాలర్ తర్వాత ఎనిమిదో స్థానానికి జరిగేవారు. వీసా కాగితాల దగ్గర మనవాళ్లను నేటికీ వేధించే తికమక ఆయనను ఒక మెట్టు పైకి చేర్చింది!)

సుబ్బారావు గారి పర్యవేక్షణలో తయారైన అమినోప్టెరిన్ అనే మందును ప్రకటించిన 1947 నాటి వ్యాసంలో సీగర్, స్మిత్, హల్ట్‌క్విస్ట్ ముగ్గురే ఉన్నారు. ఆ మందుతో లుకేమియా పిల్లలకు తాత్కాలికంగానైనా ఉపశమనం కలిగిందని 1948లో సిడ్నీ ఫార్బర్ బృందం రాసిన వ్యాసంలో ఐదుగురున్నారు. రెంటిలోనూ సుబ్బారావు గారి పేరు లేదు. ఒకప్పుడు ఇది నాకు అన్యాయంగా తోచేది. ఇప్పుడు అంత గట్టిగా అనలేను. మందును తయారుచేసినవారు ఒకటి రాశారు, పిల్లలకు వైద్యం చేసినవారు మరొకటి రాశారు. కేవలం పర్యవేక్షించినంత మాత్రాన రచయితలు కారని నేటి వైద్య పత్రికల సంపాదకులు పెట్టుకున్న నియమం కూడా ఇదే చెబుతుంది.

ఆ నియమం తెలిసి కూడా నా మొదటి వ్యాసంలో నాలుగో పేరుగా ఒక పెద్దాయన పేరును, ఎవరూ అడగకుండానే, నేనే టైపు చేశాను. చిత్తుప్రతి పంపితే ఆయన చదవలేదు. ప్రూఫు వచ్చాక మాత్రం తన పేరులో ఒక అక్షరం తప్పు పడిందని ఆ సాయంత్రమే ఫోను చేశారు.