పలాస షెడ్డులో ఆండీ గ్రోవ్

పలాసలో జీడిపప్పు పరిశ్రమ పెట్టిన కొత్తలో, ఆలస్యమంతా జీడిగింజలు ఉడికించే బాయిలర్ దగ్గరే అనుకునేవాడిని. అప్పు చేసి పెద్దది కొందామనుకుంటున్న రోజుల్లో ఆండీ గ్రోవ్ రాసిన ‘హై అవుట్‌పుట్ మేనేజ్‌మెంట్’ చేతికొచ్చింది. 1983 నాటి పుస్తకం. కంప్యూటర్ చిప్‌ల కంపెనీ ఇంటెల్‌ను నడిపిన ఆయన మొదటి అధ్యాయంలో అల్పాహారం సంగతి ఎత్తుకున్నారు: ఉడికించిన గుడ్డు, టోస్టు, కాఫీ. ఎక్కువసేపు పట్టేది గుడ్డు కాబట్టి మిగతా పనులు దాన్నిబట్టే అమర్చుకోవాలంటారు.

మర్నాడు పొద్దుటి నుంచి సాయంత్రం దాకా షెడ్డులో కూర్చుని చూశాను. మా గుడ్డు బాయిలర్ కాదు, పొట్టు తీసే బల్ల! ఆరిన పప్పు బుట్టల నిండా ఎదురుచూస్తోంది. పదిమంది ఆడవాళ్లు ఆ పలుచని ఎర్రపొరను చిన్న కత్తులతో ఒలుస్తున్నారు. తొందరపెడితే పప్పు విరుగుతుంది. విరిగిన బద్దకు గుండుపప్పు ధర రాదు. బాయిలర్ మాట మానేసి, ఆ బల్ల దగ్గర మరో నలుగురిని పెట్టుకున్నాను.

బెన్ హోరోవిట్జ్ రాసిన ‘ది హార్డ్ థింగ్ అబౌట్ హార్డ్ థింగ్స్’ కూడా చదవండి, ముఖ్యంగా మనుషుల్ని పనిలోంచి తీసేయాల్సి వచ్చినప్పుడు ఎలా చెప్పాలో రాసిన భాగం. కానీ ఒక్కటే కొనగలిగితే గ్రోవ్‌దే కొనండి. నా ప్రతిలో ఆ మొదటి అధ్యాయం నిండా జీడి మరకలే.