చిన్నమ్మ వాళ్ల వీధి తోట

ధనుర్మాసంలో తిరుమల చూడాలని ఎన్నాళ్ల నుంచో కోరిక. ఆ నెల్లాళ్లూ స్వామిని సుప్రభాతంతో కాక తిరుప్పావైతో మేలుకొలుపుతారు. కడపలో బస్సెక్కాను. కోడూరు చుట్టుపక్కలంతా అరటి, బొప్పాయి తోటలు. మామండూరు అడవి దాటేసరికి చలి చేతులకు తెలుస్తోంది. తిరుపతిలో దిగి నేరుగా చిన్నమ్మ ఇంటికి వెళ్లాను.

చిన్నాయన పోయాక ఆమె వాకిలి దాటడమే మానేసింది. షుగర్, మోకాళ్ల నొప్పులు. రోజూ నడవమని డాక్టరు చెప్తే "ఒక్కదాన్ని యాడికి పోయేది మే" అనేది. ఫోన్లో ఆ గొంతు వింటే దిగులేసేది. అలాంటి మనిషి తెల్లవారుజామునే లేచి, చీర ఎగదోపి, వేళ్లు కనబడకుండా మూసి ఉండే చెప్పులు తొడుక్కుని, "లెయ్ మే, తోటకు పోదాం" అంది. షుగర్ ఉన్నవాళ్లకు కాలికి ముల్లు గుచ్చుకున్నా ఒక్కోసారి తెలియదు. అందుకే ఆ చెప్పులు చూడగానే నాకు సగం ధైర్యం వచ్చింది.

తోట ఉన్నది కపిలతీర్థం వైపు వీధి చివర, పార్కుకని వదిలేసిన జాగాలో. మొన్నమొన్నటి దాకా అక్కడ సర్కారు తుమ్మ, సీసాపెంకులు, కాల్చిన ప్లాస్టిక్ తప్ప మరేం లేవట. శుభ్రం చేశాక కూడా ఆ నేలలో తినేవేవీ వేయకూడదని అందరూ ముందే అనుకున్నారు. చాలా మంచి పని చేశారు. చెత్త తగలబెట్టిన మట్టిలో సీసం లాంటివి మిగిలిపోతాయి, ఆకుకూరలకు ఆ మట్టి అంటుకుంటుంది. ఇటుకలు పేర్చి, మూరెడు ఎత్తున చెరువుమన్ను, పశువుల ఎరువు నింపి మడులు కట్టుకున్నారు. ఇంటికొక మడి. నడిమధ్యన ఉన్న పెద్ద ఆకుకూరల మడి మాత్రం అందరిదీ.

ఓ మూల తొట్టిలో మొక్కలకు పోసే జీవామృతం పులుస్తోంది. ఎకరాకైతే 200 లీటర్ల నీళ్లలో 10 కిలోల ఆవుపేడ, ఆవు పంచితం, రెండేసి కిలోల బెల్లం, శెనగపిండి, గుప్పెడు గట్టుమన్ను కలుపుతారు. వీళ్లు అందులో పదో వంతు చేస్తారు. కట్టె నా చేతికిచ్చి తిప్పమన్నారు. కదిపితే పైకి నురగ పొంగుతుంది, పేడ వాసన కంటే బెల్లం పులుపే ముందు ముక్కుకు తగులుతుంది.

కంచె వెంబడి మడుల్లో అనప చిక్కుడు. కాయ తుంచితే వేళ్లకు నూనెలా జిగురు అంటుకుంటుంది, ఆ ఘాటు సబ్బుతో కడిగినా ఓ పట్టాన వదలదు. మంచు బాగా పడితే వాసన ఇంకా ఎక్కువ అంటారు మా చిత్తూరు వైపు వాళ్లు. అరుగు మీద నలుగురు ఆడవాళ్లు నానబెట్టిన గింజలు ముందేసుకుని పితుకుతున్నారు. వేళ్ల మధ్య నొక్కితే తొక్క చేతిలో ఉండిపోతుంది, పప్పు గిన్నెలోకి జారుతుంది. ఒకామె బీపీ మాత్ర మర్చిపోయానంటే, పక్కనున్నామె లేచి వాళ్లింటికి వెళ్లి తెచ్చిచ్చింది. మాటల మధ్యలోనే ఇదంతా జరిగిపోయింది.

అక్కడ రిటైరైన ఒక బస్సు డ్రైవరుంటాడు. పిల్లలు దూరం, ఇంట్లో ఒక్కడే. ఆయన టమాట మడికి ఒకరోజు నీళ్లు పడలేదు. పది గంటలకల్లా ఇద్దరు వెళ్లి తలుపు కొట్టారు. జ్వరంతో లేవలేక పడుంటే ఆటోలో ఆసుపత్రికి తీసుకెళ్లారు. చిన్నమ్మ ఇది చెప్పి, "మడి ఎండిపోతాదని కాదు మే. నేను రాకుంటే ఏమైపోతినో అని వీళ్లు ఇంటికే వచ్చేస్తారు, అందుకని పొద్దున్నే వచ్చేస్తా" అంది. నన్నడిగితే తోట వల్ల కలిగిన ఆరోగ్యంలో పెద్ద వాటా ఇదే. మిద్దె మీద ఒంటరిగా ఎన్ని కుండీలు పెంచినా ఇది దొరకదు.

అమెరికాలోని డెన్వర్ ప్రాంతంలో 291 మందిని లాటరీ పద్ధతిలో రెండు జట్లు చేసి, ఒక జట్టుకు సామూహిక తోటల్లో మడులిచ్చి, రెండో జట్టును ఆగమన్నారు. 2023లో లాన్సెట్ ప్లానెటరీ హెల్త్ పత్రికలో వచ్చిన ఫలితాల ప్రకారం, తోటపని చేసినవాళ్లు మిగతావాళ్ల కంటే రోజుకు దాదాపు 1.4 గ్రాముల పీచు ఎక్కువ తిన్నారు, ఓ 6 నిమిషాలు ఎక్కువసేపు ఒళ్లు అలిసేలా కదిలారు; ఒత్తిడి, ఆందోళన తగ్గాయి. ఆరు నిమిషాలేనా అనిపించవచ్చు. కుర్చీలోంచి లేవని చిన్నమ్మను చూసినదాన్ని, నాకది తక్కువగా తోచలేదు. మాత్రలు మాత్రం ఆమె మానలేదు, మానకూడదు కూడా.

మర్నాడు కొండకు వెళ్లాను. దర్శనమయ్యాక అనంతాళ్వారు తోట చూశాను. రామానుజులు చెప్పగా పూలతోట పెంచడానికి ఆయన కొండకొచ్చి చెరువు తవ్వాడనీ, నిండు చూలాలైన భార్య మన్ను మోస్తుంటే స్వామే బాలుడై వచ్చి తట్ట అందుకున్నాడనీ కథ. మధ్యలో కల్పించుకున్నందుకు కోపమొచ్చి విసిరిన గునపం స్వామి గడ్డానికి తగిలిందంటారు. ఆ గునపం మహాద్వారం దగ్గర ఇప్పటికీ ఉంది, స్వామి గడ్డానికి పచ్చకర్పూరం అద్దడమూ ఆ గాయానికే. ఎప్పుడూ గునపం గురించే చెప్పుకుంటాం. ఈసారి నా మనసంతా ఆ తట్ట మీదే నిలిచింది.

దిగొచ్చేసరికి చిన్నమ్మ పులగూర చేస్తోంది. తోటకూర, చెంచలాకు, పొన్నగంటాకు, పులుపుకు కాస్త గోగాకు, అన్నీ ఆ ఉమ్మడి మడిలోవే. మొదలంటా కోయరు, కింద రెండు కణుపులు వదిలి చివర్లే తుంచుతారు, వారంలో మళ్లీ చిగురిస్తుంది. పచ్చిమిరపకాయలు, తెల్లగడ్డలు వేసి ఉడికించి, పప్పుగుత్తితో ఎనిపి, వేడి సంగటిలోకి వడ్డించింది.

తింటుండగానే పక్క వీధి ఆడవాళ్లు ఇద్దరు వచ్చారు. తమ వీధిలోనూ ఇలాంటి జాగా ఉందనీ, ఏ విత్తనాలు తేవాలో చెప్పమనీ అడిగారు. "విత్తనాలు నేనిస్తాలే" అంది చిన్నమ్మ. "ముందు ఎండాకాలంలో ఏ పొద్దు ఎవురు నీళ్లు పోస్తారో వంతులు రాసుకోండి. ఊరికి పోయినోళ్ల వంతు ఎవురు చూస్తారో అదీ రాసుకోండి. రాసినంక రాండి, అనపగింజలు కట్టిస్తా."