పాత జెర్సీ ఒక అర్హతేనా?

పెద్ద ఫుట్‌బాల్ క్లబ్ ఏదైనా తన కోచ్‌ను సాగనంపిన మర్నాడు అభిమానుల నోట మొదట వినిపించేది ఒకప్పుడు ఆ క్లబ్‌కు ఆడిన వీరుడి పేరే. మనవాడు, ఇక్కడి సంగతులన్నీ తెలిసినవాడు, ఈ జెర్సీ విలువ ఎరిగినవాడు అన్న మాటల్లో ఆప్యాయత ఉన్నంతగా వాదన లేదు. అలాగని గొప్ప ఆటగాళ్లు గొప్ప కోచ్‌లు కాలేరన్న ఎదురుమాట కూడా నిలవదు. బార్సిలోనాకు క్రైఫ్, గ్వార్డియోలా, రియల్ మాడ్రిడ్‌కు జిదాన్ కోచ్‌లుగా ఏం సాధించి పెట్టారో అందరికీ తెలుసు. ఒక్కో క్లబ్ నుంచి ఒక్కో ఉదాహరణ ఏరుకుంటూ పోతే ఏ పక్షాన్నైనా గెలిపించవచ్చు గనుక, నేను ఒకే క్లబ్‌ను పట్టుకుని ఈ ప్రశ్నను చూడదలచుకున్నాను. అది ఇటలీలోని టురిన్ నగరానికి చెందిన యువెంటస్. పాత ఆటగాళ్లను కోచ్‌లుగా పెట్టుకుని బాగుపడిన సందర్భాలూ, భంగపడిన సందర్భాలూ దాని చరిత్రలో పక్కపక్కనే ఉన్నాయి.

మ్యాచ్‌ల వ్యవహారంలో రెఫరీల నియామకాలపై ఒత్తిడి తెచ్చారన్న కుంభకోణం బయటపడి, 2006లో యువెంటస్ చరిత్రలో మొదటిసారి రెండో శ్రేణి లీగ్ అయిన సెరీ బికి దిగిపోయింది. అప్పుడు జట్టు బాధ్యత తీసుకున్న డిడియే డెషాంప్ 1996లో ఇదే క్లబ్ తరఫున యూరప్ క్లబ్‌ల అతిపెద్ద టోర్నీ చాంపియన్స్ లీగ్ గెలిచిన మిడ్‌ఫీల్డర్. అయితే అతను ఆ ఒక్క అర్హతతో రాలేదు. అంతకు రెండేళ్ల ముందే మొనాకో జట్టును చాంపియన్స్ లీగ్ ఫైనల్ దాకా నడిపించాడు. తొమ్మిది పాయింట్ల కోత ఉన్నా, ఆ సీజన్‌లో యువెంటస్ అగ్రస్థానంలో నిలిచి పై లీగ్‌కు తిరిగి వచ్చింది.

తర్వాత వచ్చిన మరో పాత ఆటగాడు చిరో ఫెరారా. 2009 మే నెలలో ఇంకా రెండు మ్యాచ్‌లు మిగిలి ఉండగా అప్పటి కోచ్ రనియేరీని తొలగించి, అంతవరకు ఏ క్లబ్‌కూ ప్రధాన కోచ్‌గా పనిచేయని ఫెరారాను కూర్చోబెట్టారు. ఆ రెండూ గెలవడంతో పూర్తి బాధ్యత అతనికే అప్పగించారు. 2010 జనవరిలో అతన్నీ పంపేశారు. సీజన్ ఏడో స్థానంలో ముగిసింది. రెండు మ్యాచ్‌ల ఫలితాన్ని చూసి ఒక ఉద్యోగం ఇవ్వడం ఏమిటో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

అంటోనియో కోంటే కథ దీనికి పూర్తిగా భిన్నమైనది. 1991 నుంచి 2004 వరకు యువెంటస్‌కు ఆడి, కెప్టెన్‌గా కూడా వ్యవహరించిన ఈ మనిషి కోచ్‌గా మొదలైంది అరెట్సో అనే చిన్న క్లబ్‌లో. అక్కడ అతన్ని తీసేశారు, మళ్లీ పిలిచారు, చివరికి 2007లో ఆ జట్టు మూడో శ్రేణికి పడిపోయింది. ఆ తర్వాత బారీని అగ్రశ్రేణి లీగ్ అయిన సెరీ ఆకు చేర్చాడు, అట్లాంటాలో సగం సీజన్‌లోనే రాజీనామా చేశాడు, సియెనాను మళ్లీ పై లీగ్‌కు తీసుకువెళ్లాడు. అంటే 2011లో టురిన్‌కు తిరిగి వచ్చేనాటికి అతని వెంట రెండు ప్రమోషన్లు, ఒక పతనం, ఒక రాజీనామా ఉన్నాయి. వరసగా రెండేళ్లు ఏడో స్థానంలో మిగిలిన యువెంటస్ అతని మొదటి సీజన్‌లోనే 38 లీగ్ మ్యాచ్‌ల్లో ఒక్కటీ ఓడకుండా చాంపియన్ అయింది. మూడో ఏడాది 102 పాయింట్లు సాధించింది. ఆ జట్టు మధ్యలో నిలబడి ఆటను నడిపినవాడు, మిలాన్ వదులుకున్న ఆండ్రియా పిర్లో.

ఆ పిర్లోనే 2020 జూలై 30న యువెంటస్ అండర్-23 జట్టుకు కోచ్‌గా నియమితుడయ్యాడు. మూడో శ్రేణి లీగ్ అయిన సెరీ సిలో ఆడే ఆ జట్టు కొత్త కోచ్ పని నేర్చుకోవడానికి సరైన చోటు. కానీ ఆగస్టు 7న లియోన్‌తో చాంపియన్స్ లీగ్ పోరు ముగిసి యువెంటస్ నిష్క్రమించింది, మర్నాడు కోచ్ మౌరీజియో సార్రీని తొలగించారు, అదే రోజు పిర్లోను ప్రధాన జట్టుకు కోచ్‌గా ప్రకటించారు. ఒక్క మ్యాచ్‌కైనా జట్టును దింపి చూడని వ్యక్తి చేతికి, వరసగా తొమ్మిది లీగ్ టైటిళ్లు గెలిచిన జట్టును, రొనాల్డో సహా, అప్పగించారన్నమాట.

పిర్లోకు ఆట తెలియదని ఎవరూ అనలేరు. తన తరంలో అతనంత ముందుచూపుతో పాస్ ఇచ్చినవాళ్లు అరుదు. కానీ కోచ్ పని అది కాదు. పాతిక మందిలో పదకొండు మందిని ఎంచి మిగిలినవారి ముఖాలు చూడగలగడం, అరవయ్యో నిమిషంలో తన పథకమే తప్పని ఒప్పుకుని మార్చడం, ఓడిన వారంలో శిక్షణ ఎంత పెంచాలో ఎంత తగ్గించాలో తేల్చడం, ఇవన్నీ చేస్తూ చేస్తూ వచ్చేవి. ఈత గురించి ఎంత విన్నా నీళ్లలో దిగకుండా రాదు. కోంటే తన తప్పులు అరెట్సోలో చేసుకున్నాడు, అక్కడ చూసేవాళ్లు తక్కువ. పిర్లో తన తప్పులను యావత్ ఇటలీ చూస్తుండగా చేయవలసి వచ్చింది. న్యాయంగా చెప్పాలంటే, కోవిడ్ వల్ల సీజన్ల మధ్య విరామం కొన్ని వారాలకు కుదించుకుపోవడం కూడా అతనికి ప్రతికూలమైంది. ఇటాలియన్ కప్, సూపర్ కప్ రెండూ గెలిచాడు కూడా. కానీ లీగ్‌లో నాలుగో స్థానం ఆఖరి రోజున, అదీ నాపోలీ తన మ్యాచ్‌ను డ్రా చేసుకోవడం వల్ల దక్కింది. కొద్ది రోజులకే అతని ఉద్యోగం పోయింది.

క్లబ్‌లు ఇలాంటి నియామకాలు ఎందుకు చేస్తాయన్నది నాకు ఆటకన్నా ఆసక్తికరమైన విషయం. అభిమానించే ఆటగాడిని కోచ్ కుర్చీలో కూర్చోబెడితే స్టాండ్లలోని వాళ్లు కొన్ని నెలలు యాజమాన్యాన్ని తిట్టరు. ఆటగాళ్ల కొనుగోళ్లలో జరిగిన పొరపాట్లు, ముసలిదవుతున్న జట్టు, ఇవన్నీ ఆ పేరు చాటున కొంతకాలం దాగుతాయి. చెల్సీలో ఫ్రాంక్ లాంపార్డ్‌ను 2021 జనవరిలో తొలగించినప్పుడు క్లబ్ చరిత్రలోనే అత్యధిక గోల్స్ చేసినవాడన్న గౌరవం అతన్ని కాపాడలేదు. అదే జట్టుతో, అతని స్థానంలో వచ్చిన థామస్ టుకెల్ నాలుగు నెలల్లో చాంపియన్స్ లీగ్ గెలిచాడు.

అయితే బయటివాడైతే చాలన్నది కూడా భ్రమే. యువెంటస్ గోల్‌కీపర్‌గా ఆడి, ఇటలీ కెప్టెన్‌గా 1982 ప్రపంచకప్ గెలిచిన డీనో జోఫ్, కోచ్‌గా 1990లో యువెంటస్‌కు యూరప్ క్లబ్‌ల మరో టోర్నీ అయిన యూఈఎఫ్ఏ కప్, ఇటాలియన్ కప్ రెండూ తెచ్చిపెట్టాడు. ఆయన్ను కాదని, ఆ రోజుల్లో కొత్త తరహా ఆటకు పేరుపడ్డ మైఫ్రేదీని తెచ్చుకుంటే, జట్టు ఏడో స్థానానికి జారి యూరప్ పోటీలకే దూరమైంది. మరోవైపు కోచ్‌లు ట్రపటోనీ, లిప్పీ, అల్లెగ్రీ ముగ్గురూ కలిసి యువెంటస్‌కు 16 లీగ్ టైటిళ్లు సంపాదించారు. వారిలో ఒక్కరూ ఆ క్లబ్ జెర్సీ వేసుకున్నవారు కారు. ట్రపటోనీ అయితే ప్రత్యర్థి మిలాన్‌కు ఆడి పేరు తెచ్చుకున్నవాడు. మన హైదరాబాద్‌కు ఇది కొత్త విషయమేమీ కాదు: భారత జట్టును 1951, 1962 ఏషియాడ్‌లలో స్వర్ణాల దాకా నడిపిన సయ్యద్ అబ్దుల్ రహీమ్ వృత్తిరీత్యా బడిపంతులు, దేశానికి ఆడిన తార కాదు.

కాబట్టి నా అభిప్రాయం ఇది: దరఖాస్తు మీద పేరును చేత్తో మూసి మిగిలింది చదవాలి. అది చదివాక కూడా పిలవాలనిపిస్తే, పాత జెర్సీని అదనపు బలంగా లెక్కలోకి తీసుకోవచ్చు. మొదటి నెలల్లో డ్రెస్సింగ్ రూమ్ నమ్మకం, అభిమానుల ఓపిక ఉత్త మాటలేమీ కావు. డెషాంప్, కోంటే ఆ పరీక్షకు నిలుస్తారు. ఫెరారా, పిర్లో నిలవరు.

పిర్లో కోచ్‌గా ఉన్న ఆ సీజన్‌లో ఒక మ్యాచ్ గురించి చెప్పాలి. 2021 మార్చి 21న టురిన్‌లో యువెంటస్‌ను 1-0తో ఓడించిన చిన్న జట్టు బెనెవెంటోకు కోచ్ ఫిలిప్పో ఇన్‌జాగీ, మిలాన్‌లో పిర్లో సహచరుడు. అతన్ని కూడా 2014లో మిలాన్ తన యువజట్టు నుంచి నేరుగా పై మెట్టు ఎక్కించింది; పదో స్థానం వచ్చాక దించేసింది. అతను మూడో శ్రేణిలోని వెనీసియాకు వెళ్లి పని నేర్చుకుంటూ పైకి వచ్చాడు. ఆ ఏడాది బెనెవెంటో చివరికి కిందికి పడిపోయిన మాట నిజమే గానీ, ఆ రోజు మాత్రం గెలుపు అతనిదే. పిర్లో కూడా యువెంటస్ వదిలాక టర్కీలో కరగూమ్‌రూక్‌కు, ఆ పైన సెరీ బిలో సాంప్‌డోరియాకు వెళ్లాడు. అండర్-23 కుర్చీలో అతన్ని తొమ్మిది రోజులు కాకుండా రెండు సీజన్లు కూర్చోనిచ్చి ఉంటే, ఆ పని నేర్చుకోవడం టురిన్‌లోనే జరిగేది.