పొగమంచు ఊళ్లో ఇటలీ సలామీ

శాన్ ఫ్రాన్సిస్కో వచ్చినవాళ్లు ముందు గోల్డెన్ గేట్ వంతెన చూడటానికి పోతారు. నేను సలామీ అనే, ఆరబెట్టిన ఇటలీ పంది మాంసం సాసేజ్ కోసం మాంసం దుకాణానికి పోయాను. సన్నీవేల్‌లో అక్కావాళ్లింట్లో దిగినప్పటి నుంచీ ఇదే పాట పాడుతున్నానని బావగారు విసుక్కుని, "దారి చూపించడానికి వస్తాను గాని నన్ను తినమనకు" అనే షరతు మీద బయలుదేరారు. ఆయన పంది మాంసం ముట్టరు.

కాల్‌ట్రెయిన్ దిగి, సొరంగంలో నడిచే చిన్న రైలెక్కి చైనాటౌన్‌లో తేలాం. జూలై నెల. సన్నీవేల్‌లో పొద్దున్నే ఎండ చురుక్కుమంది. ఇక్కడేమో పొగమంచు మేడల పైఅంతస్తులను మింగేసింది. స్వెటర్ తెచ్చుకోని బావగారు చేతులు కట్టుకుని నడిచారు. స్టాక్‌టన్ వీధి దుకాణాల్లో ఎర్రటి చైనా సాసేజ్‌లు జతలు జతలుగా వేలాడుతున్నాయి. అవీ ఆరబెట్టిన పంది మాంసమే, కాకపోతే తియ్యగా ఉంటాయి, వండుకుని తినాలి. బ్రాడ్‌వే దాటేసరికి దీపస్తంభాలకు ఆకుపచ్చ, తెలుపు, ఎరుపు పట్టీలు కనిపించాయి. అదే నార్త్ బీచ్, ఇటాలియన్ల పేట. పేరులో ఉన్న బీచ్ ఎప్పుడో మట్టి పూడికల కింద పడి మాయమైంది.

కొలంబస్ అవెన్యూలో మొలినారి దుకాణం 1896 నాటి వ్యాపారం. 1906 భూకంపం, దాని వెంట అంటుకున్న మంటలు ఈ పేటను చాలావరకు బూడిద చేసినా, ఆ పేరు నిలబడింది. లోపల అడుగుపెట్టగానే మిరియాలు, వెల్లుల్లి, పాత జున్ను కలిసిన ఘాటు వాసన. చీటీ తీసుకుని మన నంబరు పిలిచేదాకా ఆగాలి. పైన వరుసగా సలామీలు, వాటి ఒంటినిండా తెల్లటి బూజు. బావగారు ఆ బూజు చూసి నా వైపు తిరిగారు.

"ఇది పాడైనట్టు కాదా?"

"పాడు కాకుండా కాపలా కాసేదే అది, బావగారూ."

ముతకగా కొట్టిన ఖీమాలో కొవ్వు ముక్కలు, ఉప్పు, మిరియాలు, వెల్లుల్లి కలిపి పేగు తొడుగులో కూరతారు. చిటికెడు నైట్రైట్ కూడా వేస్తారు. ప్రమాదకరమైన బొటులిజం క్రిమిని ఆపేదీ, కోసినప్పుడు కనిపించే ఆ ఎర్రని రంగును నిలిపేదీ అదే. మొదటి రోజుల్లో మంచి బ్యాక్టీరియా మాంసాన్ని పులియబెడుతుంది. ఆ తర్వాత వారాల తరబడి వేలాడదీస్తే నీరు పోయి, బరువు సుమారు మూడో వంతు తగ్గుతుంది. నిప్పు తగలదు. మన మాంసం ఒరుగులకు మండే ఎండ కావాలి. దీనికి ఎండ శత్రువు. పైపొర తొందరగా ఎండి గట్టిపడితే లోపలి తేమకు దారి ఉండదు, నడిమి భాగం కుళ్లుతుంది. చల్లగా, కాస్త తేమగా ఉండే గాలి కావాలి. పైన పట్టే బూజు తేమను నెమ్మదిగా వదలనిస్తుంది, చెడ్డ బూజుకు చోటివ్వదు.

అలాంటి గాలి ఈ ఊరికి ఊరికే దొరుకుతుంది. లోపలి లోయ వేసవిలో కాగిపోతుంటే, చల్లని పసిఫిక్ మీది మంచు గోల్డెన్ గేట్ సందులోంచి లోపలికి వస్తుంది. ఇటలీలోని లిగూరియా, టస్కనీ, పీడ్‌మాంట్ నుంచి వలస వచ్చినవాళ్లు ఇక్కడ సలామీ చేయడానికి ఈ వాతావరణం కలిసివచ్చిందని అందరూ చెబుతారు. నిజమే గాని, ఇప్పుడు కర్మాగారాల్లో చలి, తేమ అన్నీ యంత్రాల చేతిలో ఉన్నాయి. పొగమంచు కథ సగం చరిత్ర, సగం అమ్మకపు మాట అని నా అనుమానం.

నిషేధం సంగతికి మాత్రం అలాంటి అనుమానమేమీ అక్కర్లేదు. ఇటలీలో పందులకు అంటురోగాలు సోకడంతో 1960ల చివరి నుంచి అమెరికా అక్కడి సలామీని రానివ్వలేదు. 2013లో గాని ఉత్తర ఇటలీలోని కొన్ని ప్రాంతాలకు తలుపు తెరవలేదు. దాదాపు అర్ధ శతాబ్దం ఇక్కడివాళ్లు అసలు సరుకుతో పోల్చుకునే అవసరం లేకుండా తమదైన పద్ధతిలో చేసుకుంటూ వచ్చారు. అందుకే దీన్ని నకలు అంటే నేను ఒప్పుకోను.

కౌంటరు వెనక పెద్దాయన ఒక ముక్క కాగితం మీద పెట్టి అందించాడు. పని మీద మిలాన్ వెళ్లినప్పుడు తిన్న సలామీ నాకు బాగా గుర్తుంది. సన్నని కొవ్వు చుక్కలతో మెత్తగా, తియ్యటి వాసనతో ఉండేది. ఇది ముతక. నాలుక మీద ముందు పులుపు, ఆ తర్వాత మిరియం, చివర్లో కొవ్వు కరిగి అంతా సర్దుకుంటుంది. ఆ పులుపే నాకు నచ్చింది. పుల్లని రొట్టెకు పేరున్న ఊరు, మరి. సోంపు వేసిన ఫినోక్కియోనా రకం కూడా రుచి చూశాను. మంచిదే గాని సోంపు మాంసాన్ని మాట్లాడనివ్వలేదు.

ఒక నిండు సలామీ కొన్నాను. వాషింగ్టన్ స్క్వేర్ మూలన 1911 నాటి లిగూరియా బేకరీలో ఫొకాచా రొట్టె తెల్ల కాగితంలో చుట్టి, దారంతో కట్టి ఇచ్చారు. అక్కడ సరుకు అయిపోగానే తలుపు మూసేస్తారు కాబట్టి పొద్దున్నే రావడం మంచిదైంది. పార్కు పేరు వాషింగ్టన్, నడుమ విగ్రహం బెంజమిన్ ఫ్రాంక్లిన్‌ది. ఎదురుగా సెయింట్స్ పీటర్ అండ్ పాల్ చర్చి జంట గోపురాలు మంచులోకి సగం దూరిపోయాయి. బల్ల మీద కూర్చుని తొడుగు ఒలిచి, ఏటవాలుగా పల్చగా కోశాను. మందంగా కోస్తే నమలడంతోనే సరిపోతుంది, రుచి తెలియదు. బావగారు ఉల్లి ఫొకాచా మొత్తం తినేశారు. సలామీ వైపు కన్నెత్తలేదు గాని, వాసన మాత్రం బాగుందని ఒప్పుకున్నారు.

కోయని సలామీని ఇంట్లో చల్లని చోట వేలాడదీస్తే చాలని పెద్దాయన చెప్పాడు. కోశాక మాత్రం, కోసిన వైపు కాగితం చుట్టి ఫ్రిజ్‌లో పెట్టాలట. ఇంటికి రాగానే అక్క ఆ బూజును ఒక్క క్షణం చూసింది.

"నా ఫ్రిజ్‌లో కాదు, నా వంటింట్లోనూ కాదు. బయట గ్యారేజీలో చిన్న ఫ్రిజ్ ఉంది. అందులో పెట్టుకో, ఆవకాయ సీసాకు తగలనివ్వకు."

బావగారు సొరుగు తెరిచి ఒక పాత చాకు తీసి ఇచ్చారు. కడిగాక మళ్లీ లోపల పెట్టొద్దని, అదీ గ్యారేజీలోనే ఉంచమని చెప్పారు.